జాషువా కట్టిన గంట కాడి

రాజమండ్రి,
3 ఫిబ్రవరి 1998

గౌరవనీయులైన శ్రీమతి జ్ఞానమ్మ గారికి, గౌతమీ లోహ పరీక్షాశాల నుంచి చెరుకూరి సదాశివం నమస్కరించి వ్రాయునది.

ఈ ఉత్తరం ఇప్పుడే వ్రాయవలసి రావడానికి కారణం ఒక్కటే. మీరు పార్సెలులో పంపిన ఇనుప వస్తువును వచ్చే సోమవారం ఉదయం మా వాళ్లు కోస్తారు. ఆ సంగతి మీకు తెలియదేమోనన్న అనుమానం నాకు కలిగింది.

అనుమానానికి ఆధారం మీరు జతచేసిన చీటీలోని రెండు వాక్యాలు. "దీని బలం ఎంతో పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వవలెను" అన్నది మొదటిది. "వస్తువును గీత పడకుండా తిరిగి పంపవలెను" అన్నది రెండవది. విడివిడిగా రెండూ న్యాయమైన కోరికలే. రెండింటినీ కలిపి తీర్చడం మాత్రం మా చేతిలో లేదు. ఒక లోహం ఎంత బరువుకు తెగుతుందో చెప్పాలంటే దానిలో నుంచి వేలెడు ముక్కలు కోసి, యంత్రానికి బిగించి, తెగేవరకు లాగాలి. తెగిన తరువాతే అంకె వస్తుంది. అందుకే కార్ఖానాల వారు ఒకే రకం వస్తువులు రెండు చేసి, ఒకటి మాకు పంపి, రెండవది వాడుకుంటారు.

మీ వస్తువుకు జత ఉన్నదా? ఉంటే నిశ్చింతగా ఉండండి. లేకపోతే శనివారంలోగా నాకు తెలియజేయండి.

ఇట్లు,
చె. సదాశివం
పరీక్షాధికారి

తా.క. వస్తువుతోపాటు మీరు ప్రేమతో పంపిన చక్కెరకేళి పళ్లు అందాయి. చక్కగా పండాయి. సిబ్బంది అందరం తిన్నాము. వాటి విషయంలో మాత్రం ధ్రువపత్రం ఇవ్వడానికి నేను ఇప్పుడే సిద్ధం.

*

పాతలంక, వయా రావులపాలెం,
5 ఫిబ్రవరి 1998

సదాశివం గారికి జ్ఞానమ్మ వందనాలు.

కొయ్యకండి! ముందు ఆ రంపం ఎవరి చేతిలో ఉందో వాళ్ల చేతిలోంచి తీసుకుని, తర్వాత ఈ ఉత్తరం మిగతాది చదవండి. పోస్టులో వేస్తే ఎప్పటికి చేరుతుందోనని రాజమండ్రి బస్సు కండక్టరు బంగార్రాజు చేతికిచ్చి పంపుతున్నాను. మీ చేతిలో పెట్టి, మీరు చదివేదాకా అక్కడే నిలబడమన్నాను.

ముప్పై ఏళ్లు ఎలిమెంటరీ స్కూల్లో పిల్లలకి పరీక్షలు పెట్టానండి. ఒక్కణ్ణీ కొయ్యలేదు. పరీక్ష అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచి ఎంత వచ్చో చూడ్డం కదా. మీదేం పద్ధతండీ?

దానికి జత లేదు. ఉండబోదు. అది మా చర్చి గంటకి కాడి. ఎద్దుల మెడ మీద కాడి ఉన్నట్టే గంటకీ అడ్డంగా ఒక కాడి ఉంటుంది. రెండు చివర్లా మెడల్లాంటి ఇరుసులు. తాడు లాగితే కాడి ఊగుతుంది, దాంతోపాటు గంట ఊగుతుంది. తొంభై ఆరు తుఫానులో పాత పోత కాడి రెండుగా విరిగి గంట కిందపడింది. అదృష్టం బాగుండి గంట పగల్లేదు, కింద ఎవరూ లేరు. అప్పట్నించీ గంట చర్చి వరండాలో మూగగా కూర్చుంది. అంత పెద్ద ఇనుము ఒక్కటంటే ఒక్కటి పోత పొయ్యడానికి ఏ ఫౌండ్రీ వాళ్లూ ఒప్పుకోలేదు. మా ఆయన జాషువా లాంచీల షెడ్డులో వెల్డరు. "పోత పొయ్యకపోతే మానెయ్యమను, నేను కడతాను" అన్నాడు. గోడ కట్టినట్టు, వెల్డింగు రాడ్డు కరిగించి వరస మీద వరస పేర్చి, ఏడాది పొడుగునా సాయంత్రాలు కూర్చుని కాడి కట్టాడు.

కట్టిన వారానికి పోయాడు. నవంబరులో. గుండె.

మా పేటలో ఎవరు పోయినా గంట కొట్టి మట్టికి తీసుకెళ్తారు. ఆయన్ని గంట లేకుండానే తీసుకెళ్లారండి.

ఇప్పుడు కాడి కట్టిద్దామంటే చర్చి కమిటీ ప్రెసిడెంటు పెదబాబు గారు, "అమ్మా, జాషువా అంటే నాకూ ప్రాణమే. కానీ పొరలు పేర్చిన ఇనుము కింద జనం నిలబడతారు. గట్టిదని కాగితం తేండి, ఈస్టరుకి గంట కట్టిద్దాం. లేదంటే మైకులో గంట క్యాసెట్టు వేసుకుందాం" అన్నారు. క్యాసెట్టంట!

అందుకని కాగితం కావాలి. కాడీ కావాలి. మీరు చదువుకున్నవారు, ఏదో ఒక దారి చూడండి.

ఇట్లు,
జ్ఞానమ్మ

తా.క. ఆ చక్కెరకేళి మీకోసం పంపలేదండి. కాడి దొర్లకుండా చుట్టూ పచ్చికాయలు పెట్టి కట్టాం. మీరు ప్యాకింగు తినేశారు. తిరిగి పంపేటప్పుడు దేంతో కడతారో అది మీరే చూసుకోవాలి.

*

రాజమండ్రి,
11 ఫిబ్రవరి 1998

గౌరవనీయులైన జ్ఞానమ్మ గారికి నమస్కారములు.

కోత ఆపించాను. కాడి నా బల్ల పక్కనే ఉన్నది. మీ దుఃఖం తెలియక యంత్రాల భాషలో వ్రాసినందుకు క్షమించండి.

మీ భర్త చేసిన పని ఎటువంటిదో మీకు చెప్పడం నా బాధ్యత. విరిగిన వస్తువుకు అతుకు వేయడం, అరిగినచోట లోహం నింపడం ప్రతి షెడ్డులోను జరిగేదే. వస్తువు మొత్తాన్ని వెల్డింగు లోహంతోనే నిర్మించడం వేరు. ఇంత పెద్దదాన్ని ఒక మనిషి చేతితో కట్టగా నేను చూడలేదు. చక్కగా నునుపు చేసి వెండిరంగు వేశారు గనుక పొరలు కంటికి కనబడవు. కాని లోపల ఉంటాయి.

ఇటువంటి లోహానికి అన్ని వైపులా ఒకే బలం ఉండకపోవచ్చు. ఆత్రేయపురం పూతరేకులను తలచుకోండి. రేకును పొడవునా లాగితే ఒక బలం, రేకునుంచి రేకును విడదీస్తే వేరొక బలం. నిలబెట్టి కట్టి ఉంటే, గంట ఊగేటప్పుడు ఇరుసు మెడల దగ్గర పొరలను విడదీసే వైపుగానే బరువు పడుతుంది. అందుకని నాకు మూడు విషయాలు తెలియాలి. కాడిని పడుకోబెట్టి కట్టారా, నిలబెట్టి కట్టారా? పొర వేసిన తరువాత పైన పేరుకునే చిట్టెం పూర్తిగా కొట్టేసేవారా? పని మధ్యలో ఎంత తరచుగా ఆపేవారు? ఆపి, చల్లారిన తరువాత తిరిగి మొదలుపెట్టిన ప్రతిచోటా లోపల ఒక సరిహద్దు ఏర్పడుతుంది. అటువంటి చోట్లనే ముందుగా అనుమానించాలి.

ఈలోగా, కోయకుండా చేయగలిగిన పని ఒకటి ఉన్నది. ఎక్స్‌రే తీయించవచ్చు. దానికి మీ అనుమతి కోరుతున్నాను.

ఇట్లు,
చె. సదాశివం

తా.క. ప్యాకింగు విషయమై మా సిబ్బంది సిగ్గుపడుతున్నారు. బంగార్రాజు గారు నేను ఉత్తరం చదువుతున్నంతసేపు గుమ్మంలోనే నిలబడ్డారు. బస్సులో జనం ఎదురుచూస్తున్నారని చెప్పినా, "టీచరుగారు చదివేదాకా నిలబడమన్నారండి" అని కదలలేదు. ఆయన మీ విద్యార్థి అయి ఉండాలి.

*

పాతలంక,
16 ఫిబ్రవరి 1998

సదాశివం గారికి జ్ఞానమ్మ వందనాలు.

పూతరేకులతో పోలుస్తారా! రేకుకీ రేకుకీ మధ్య నెయ్యి రాసి పంచదార చల్లుతారండి, విడిపోవాలనే. మా ఆయన నెయ్యి రాయలేదు. మీకు పూతరేకుల మీద సరైన అవగాహన లేదని తెలుస్తోంది. అందుకని ఆత్రేయపురం నించి తెప్పించి ఒక డబ్బా పంపుతున్నాను. ఇవి ప్యాకింగు కాదు. తినొచ్చు.

మీ ప్రశ్నలకి జవాబులు. కాడిని నిలబెట్టే కట్టాడు. ఒక మెడ నేలవైపు, దాని మీద ఒళ్లు, పైన రెండో మెడ. చిట్టెం సంగతి నన్నడగండి. సుత్తితో టకటకా కొట్టి, ఇనప బ్రష్షుతో బరబరా రుద్ది గాని లేచేవాడు కాదు. "అన్నం చల్లారిపోతోందయ్యా" అంటే, "దీని మొహం కడగనీ, తర్వాత నా మొహం కడుక్కుంటా" అనేవాడు.

ఇక మూడోది.

రోజూ సాయంత్రం షెడ్డు నించి వచ్చి దొడ్లో కూర్చునేవాడు. వరస సాగుతుంటే మనిషికి ఈ లోకం పట్టేది కాదు. ఎనిమిది కాగానే నేను కంచం మీద గరిటెతో కొట్టి పిలిచేదాన్ని. "ఒక్క వరసేనే" అనేవాడు. "ఒక్క వరసా లేదు, అర వరసా లేదు, లే" అనేదాన్ని. లేచేవాడు. తిని పడుకునేవాడు. మళ్లీ మర్నాడే.

అంటే, మీరు రాసింది చూస్తే, ఆపించిందల్లా నేనే. ఆ సరిహద్దులన్నీ నేను పెట్టినవే. అన్నానికి పిలిచిన ప్రతిసారీ ఆ కాడిలో ఒక గీత గీశాను. నిజమేనా బాబూ? నిన్నట్నించీ కంచానికి గరిటె తగలనివ్వడం లేదు.

ఒక్క పై మెడ మాత్రం బాగా వచ్చుంటుంది. అప్పుడు మా అక్కకి కంటి ఆపరేషనని కొవ్వూరు వెళ్లాను. నాలుగు రోజులూ పిలిచేవాళ్లు లేరు గనక సెలవు పెట్టి మరీ పొద్దున్నించీ కూర్చుని, ఏకబిగిన మిగతాదంతా పూర్తి చేసేశాడు. నేను రాగానే, "నువ్వు లేకపోతే పని ఎంత చక్కగా సాగిందో చూడు" అని ఏడిపించాడు. "అయితే కొవ్వూర్లోనే ఉండిపోతా" అన్నాను. అలిగి రెండ్రోజులు మాట్లాడలేదు కూడా.

ఎక్స్‌రే తీయించండి.

ఇట్లు,
జ్ఞానమ్మ

తా.క. బంగార్రాజు నా విద్యార్థే. నాలుగో తరగతి రెండుసార్లు చదివాడు. ఇప్పుడూ మీ గుమ్మంలో నిలబడే ఉంటాడు, డబ్బా ఖాళీ అయ్యాక వెనక్కి తెమ్మన్నాను.

*

(పోస్టుకార్డు)

అనకాపల్లి క్యాంపు,
3 మార్చి 1998

జ్ఞానమ్మ గారికి నమస్కారములు. వంతెన పనిమీద ఇక్కడికి వచ్చాను, చేతిలో కార్డు మాత్రమే ఉన్నది. ఎక్స్‌రే తీయించాము. కింది భాగం, మధ్య భాగం బాగున్నవి. పైన, మెడ దగ్గర, చిన్న నీడ కనబడుతున్నది. అది ఏమిటో కోసి చూస్తే గాని చెప్పలేము. మీ అనుమతి లేకుండా కోయము. కొన్నిటిలో ఇటువంటివి ఏళ్లతరబడి ఏమీ చేయకుండా ఉండిపోతాయి. కంగారుపడవద్దు. వివరంగా మళ్లీ వ్రాస్తాను.

సదాశివం

తా.క. ప్రస్తుతానికి బరువు మోయించకపోవడం మంచిది.

*

పాతలంక,
12 మార్చి 1998

సదాశివం బాబుకి జ్ఞానమ్మ వందనాలు.

బాబూ, నువ్వు చదువుకున్నవాడివే. కార్డు మీద "కాడి" అన్న రెండక్షరాలు రాస్తే నీ సొమ్మేం పోయేది?

పోస్టుమాన్ అచ్చిబాబు ఊళ్లో ప్రతి కార్డూ చదువుతాడు. చదవకపోతే ఎవరింట్లో ఏం జరిగిందో తెలియక పలకరించలేనంటాడు. నీ కార్డు నా చేతికి వచ్చేసరికి టీ కొట్టూ, చేపల బజారూ, చర్చి వరండా దాటి వచ్చింది. అచ్చిబాబు కళ్లనీళ్లు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "టీచరుగారూ, కంగారుపడొద్దని రాశారండి" అన్నాడు.

నాకు బిందె ఎత్తే హక్కు పోయింది. పక్కింటి సంపూర్ణమ్మ, "బరువు మొయ్యొద్దన్నార్ట కదా వదినా" అంటూ బిందె లాక్కుని, నా మెడ తడిమి, "ఇదేనా?" అంది. అది నా పుస్తెలతాడు ముడి. తీసెయ్యబుద్ధి కాలేదు, ఉంచుకున్నాను. తణుకు నించి మా తమ్ముడు, మరదలు వచ్చి మూడో రోజు. మరదలు నాకు పాలలో రొట్టె నానబెట్టి తినిపిస్తోంది. "అది నా ఎక్స్‌రే కాదే, కాడిది" అంటే, మా తమ్ముడు పక్కకి తిరిగి, "బావ పోయినప్పట్నించీ ఇంతే, తనకేం వచ్చినా కాడికి వచ్చిందంటుంది" అన్నాడు.

ఆదివారం చర్చిలో నాకోసం ప్రత్యేక ప్రార్థన చేశారు. పెదబాబు గారు లేచి, "జ్ఞానమ్మ టీచరు మనందరికీ అక్షరాలు దిద్దించింది. ఆవిడ కళ్ల ముందు గంట మోగాలి. కాగితం వద్దు, గీగితం వద్దు. ఈస్టరుకి జాషువా కాడి మీదే గంట కట్టాలి" అన్నారు. చేతులన్నీ లేచాయి.

నేను లేచి చెప్పబోయాను బాబూ. నోరు తెరిచాను కూడా. ఇంతలో ఎవరో "గంట" అన్నారు. మూసుకున్నాను.

అందుకని, కాడి పంపించెయ్యి. కాగితం అక్కర్లేదు. నువ్వే రాశావుగా, ఏళ్లతరబడి ఏమీ చెయ్యవని.

ఇట్లు,
జ్ఞానమ్మ

తా.క. ఇంట్లో హార్లిక్సు సీసాలు బీరువా నిండా చేరాయి. బంగార్రాజు చేత రెండు పంపుతున్నాను. కాడి తిరిగొచ్చేటప్పుడు చుట్టూ ఈ సీసాలు పెట్టి కట్టకు. మీవాళ్లు తాగేస్తారు.

*

రాజమండ్రి,
18 మార్చి 1998

పూజ్యులైన జ్ఞానమ్మ గారికి సదాశివం నమస్కారములు.

అమ్మా, నా అజాగ్రత్త వలన మీ ఊరంతా బాధపడింది. కొలతలలో వెంట్రుకవాసి తేడా ఒప్పుకోని నేను, కార్డులో అసలు పేరే వదిలివేశాను. మన్నించండి.

కాడి మీది. ఏ రోజు పంపమంటే ఆ రోజు పంపుతాను. మీ మీద ఏ ఒత్తిడీ పెట్టను. కాని పంపేముందు నాకు తెలిసినది, తెలియనిది విడివిడిగా చెప్పకపోతే నేను ఈ ఉద్యోగానికి తగను.

తెలిసినది ఇది. పై మెడలో ఒక నీడ ఉన్నది. ఆ మెడలోనే ఇరుసు మొదలవుతుంది, గంట బరువులో సగం అక్కడ పడుతుంది.

తెలియనిది ఇది. ఆ నీడ గుండ్రని గాలిబుడగ అయితే భయం లేదు. రెండు పొరల మధ్య పల్చటి పగులు అయితే, గంట ఊగిన ప్రతిసారీ అది కొద్దికొద్దిగా పెరుగుతుంది. ఎక్స్‌రే ఈ రెండింటికి తేడా చెప్పలేకపోతున్నది. పల్చటి పగులు పక్కకు తిరిగి ఉంటే ఫిల్ము మీద సన్నని నీడగానే కనబడుతుంది. ధ్వని తరంగాలతోను చూశాను. వెల్డింగు లోహంలో ముతక రేణువుల వలన ప్రతిధ్వని చెదిరిపోయి, నమ్మదగిన జవాబు రాలేదు. గంటకు మూడింతల బరువు వేలాడదీసి చూడవచ్చు. నిలుస్తుందనే అనుకుంటున్నాను. కాని అది ఆ ఒక్క రోజు నిలిచిందని చెబుతుందే తప్ప, వేలసార్లు ఊగిన తరువాతి సంగతి చెప్పదు. నేను "ఏళ్లతరబడి" అని వ్రాసినది ఇటువంటి వస్తువులు కొన్నిటి గురించి. దీని గురించి కాదు.

మీరు అన్నానికి పిలిచినందువలన గీతలు పడ్డాయా అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఇంకా తెలియదు. మీకు ఊరట కలగాలని తెలియని మాట చెప్పడం నాకు చేతకాదు. తెలిసిన రోజున, అది ఏదైనా సరే, దాచకుండా వ్రాస్తాను.

నేను అడగదలచుకున్నది ఒక్కటే. గంట కట్టిన తరువాత తాడు లాగేది ఎవరు?

ఇట్లు,
మీ సదాశివం

తా.క. హార్లిక్సు తాగలేదు. మా రికార్డుల గుమాస్తా రెండు సీసాలనూ "పరీక్షకు వచ్చిన నమూనాలు" అని నమోదు చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాటిని బయటకు తీయాలంటే ఇప్పుడు మీ సంతకం కావాలి.

*

పాతలంక,
23 మార్చి 1998

సదాశివం బాబుకి,

తాడు లాగేది చిట్టియ్య. పదేళ్లప్పట్నించీ వాళ్ల నాన్నతో కలిసి లాగుతున్నాడు. ఇప్పుడు డెబ్భై దాటాయి. గంటకి సరిగ్గా కిందే నిలబడి, పైకి చూస్తూ లాగుతాడు. పక్కన సండే స్కూలు పిల్లలు చేరి "తాతా, నేనొకసారి, నేనొకసారి" అంటూ తాడు అందుకుంటారు. నీ ఉత్తరం చదివాక వాళ్లే కళ్ల ముందు ఆడారు.

నిన్న ఆదివారం ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. "నాకే రోగం లేదు. ఎక్స్‌రే కాడిది. కాడి మెడలో నీడ ఉంది. అది మోస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఇది తెలిసీ రెండు వారాల కిందట నోరు మూసుకున్నాను. నా మీద జాలితో ఎత్తిన చేతులు దించెయ్యండి" అన్నాను.

మా మరదలు, "అయితే ఆ పాలూ రొట్టె..." అని ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అచ్చిబాబు లేచి, "అంటే టీచరుగారు బాగానే ఉన్నారాండీ?" అన్నాడు. "బాగానే ఉన్నానురా" అంటే, వెధవ, భోరున ఏడ్చాడు. కార్డు చదివినప్పుడు ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాడు.

పెదబాబు గారికి కోపం వచ్చింది. వచ్చిందని చెప్పడానికి మా ఇంటికే వచ్చారు. "అమ్మా, జాషువా ఉంటే ఏం చేసేవాడంటారు?" అన్నారు.

ఏం చేసేవాడో నాకు తెలుసు. లాంచీ షెడ్డులో ఒకసారి తను వేసిన అతుకే తనకి నచ్చలేదు. ఓనరు వద్దంటున్నా వినకుండా సుత్తి తీసుకుని పగలగొట్టి మళ్లీ వేశాడు. "నీళ్లలోకి వెళ్లేది నువ్వు కాదు, జనం" అన్నాడట.

కొయ్యి బాబూ.

కోసేటప్పుడు నేను ఉండను. ఉండలేను. చిట్టియ్య వస్తానంటున్నాడు, ఎవరో ఒకరు మన మనిషి దగ్గరుండాలని. అడ్డు రాడు, ఓ మూల కూర్చుంటాడు.

పెదబాబు గారు ఒక మాట అడగమన్నారు. పై మెడ ఒక్కటే చెడ్డదైతే, మంచి భాగం ఉంచి, దానికి నరసాపురంలో ఉన్న ఇంకో వెల్డరు చేత కొత్త మెడ కట్టించుకోవచ్చా?

ఇట్లు,
జ్ఞానమ్మ

తా.క. తెగేటప్పుడు చప్పుడు ఎలా ఉంటుందో రాయి. అంత ఇనుము పేర్చాడు, అది ఎలా పలుకుతుందో ఒక్కసారీ వినలేదు.

*

రాజమండ్రి,
8 ఏప్రిల్ 1998

అమ్మకు సదాశివం నమస్కారములు.

కోత పూర్తయింది. చిట్టియ్య గారు రోజంతా ఉన్నారు. రంపం ఆడుతున్నంతసేపు తలపాగా విప్పి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.

ముందుగా పై మెడ. అది గాలిబుడగ కాదు. రెండు పొరల మధ్య పల్చటి పగులు. ఆ చుట్టూ లోహం కూడా మిగతా లోహం వంటిది కాదు. సుత్తిదెబ్బ పరీక్షలో ముక్క వంగకుండా విరిగింది. కొన్నేళ్లు మోసేదేమో, ఒక్క ఈస్టరు కూడా గడిచేది కాదేమో, చెప్పలేను. దాని కింద మనుషులు నిలబడవచ్చని మాత్రం నేను వ్రాసి ఇవ్వగలిగేవాణ్ణి కాను.

ఇక మీరు అడిగిన ప్రశ్న. కింది మెడను, మధ్య భాగాన్ని నిలువునా కోసి, అద్దంలా నునుపు చేసి, ఆమ్లంతో తడిపి చూశాము. అప్పుడు పొరలు బయటపడతాయి. మీరు పిలిచిన సాయంత్రాలు నిజంగానే కనిపించాయి, చెట్టు కాండంలోని వలయాల వలె. ఒక్కదానిలో కూడా చిట్టెం లేదు. వాటికి అడ్డంగా ముక్కలు తీసి లాగాము. ప్రతి ముక్కా బాగా సాగి, ఎక్కువ బరువుకే తెగింది. ఏ ఒక్కటీ మీ గీత దగ్గర తెగలేదు.

కారణం వ్రాస్తాను, నమ్మడానికి వీలుగా. ఈ పద్ధతిలో లోహాన్ని ఆపకుండా పోస్తే వేడి లోపలే పేరుకుంటుంది. రేణువులు ముతకబడతాయి, లోహం పెళుసెక్కుతుంది. కొద్దికొద్దిగా పోసి, చల్లారనిచ్చి, మళ్లీ పోస్తే రేణువులు సన్నగా, గట్టిగా వస్తాయి. పెద్ద కార్ఖానాలలో వెల్డరును సమయానికి ఆపడానికి ప్రత్యేకంగా మనిషిని పెడతారు. మీ దొడ్డిలో ఆ పని, అదేమిటో తెలియకుండానే, మీరు చేశారు. పై మెడ ఏకబిగిన కట్టినది. కొవ్వూరు వెళ్లడంలో మీ తప్పు లేదు. అక్కగారి కన్ను ముఖ్యం. కాని మీరు లేకపోతే పని చక్కగా సాగిందని ఆయన అన్నమాట ఒక్కటి పరీక్షలో నిలవలేదు. మిగతా ఆయన పనంతా నిలిచింది. ఈ విషయం ధ్రువపత్రంలో వ్రాశాను. కొవ్వూరు మాట మినహా.

చప్పుడు గురించి. మెడ ముక్క పుటుక్కున విరిగింది. మధ్య భాగం ముక్క చాలాసేపు సాగి, ఒక్కసారిగా తెగినప్పుడు యంత్రం ఇనుప బల్ల ఖంగుమంది. చిట్టియ్య గారు లేచి నిలబడ్డారు. ఆయనను చూసి మేమూ నిలబడ్డాము. కాసేపు ఎవరమూ యంత్రం ఆపలేదు.

మధ్య భాగంలో పెద్ద ముక్క కోయకుండా మిగిలింది. శనివారం బస్సుకు పంపుతున్నాను. చుట్టూ గడ్డి పెట్టించాను.

ఇట్లు,
మీ సదాశివం

తా.క. పెదబాబు గారి ప్రశ్నకు జవాబు. మిగిలిన ముక్క మంచిదే. నరసాపురం వెల్డరు కొద్దికొద్దిగా, చల్లారనిచ్చి కడితే రెండువైపులా కొత్త మెడలు కూడా మంచివే కావచ్చు. ముందుగా ఒక మెడ నమూనా చేసి పంపమనండి, దానిని విరిచి చూసి చెబుతాను. అయితే జాషువా గారి లోహానికి, ఇంకొకరి లోహానికి మధ్య పడే అతుకును పరీక్షించాలంటే ఆ మిగిలిన ముక్కను కూడా కోయవలసి వస్తుంది, అప్పుడు కట్టడానికి ఏమీ మిగలదు. అందుచేత ఆ అతుకు గంట ఊపును ఎంతకాలం తట్టుకుంటుందో నాకు తెలియదు.